20 హెచ్‌పీ బండి ఇచ్చేసి పెద్దది తీసుకోవాలా? ముందు ఈ వందేళ్ల కథ చదవండి

పోస్టు పెద్దది. పని అయ్యాక తీరిగ్గా చదవండి.

దుక్కుల కాలం దగ్గర పడితే చాలు, ఒకటే ప్రశ్న వస్తుంది. "అన్నా, ఇరవై హెచ్‌పీ మినీ ట్రాక్టరు ఉంది. తోటకి బాగానే ఉంది గానీ ఎక్కడో చాలడం లేదనిపిస్తోంది. ఇచ్చేసి ముప్ఫై, ముప్ఫై ఐదు దానికి పోదామా?" షోరూంకి వెళ్లి అడిగితే పోదామనే అంటారు. ఫైనాన్సు వాళ్లూ పోదామనే అంటారు. పక్క చేలో నలభై ఐదు హెచ్‌పీ బండి తిరుగుతుంటే మన మనసూ పోదామనే అంటుంది. కిస్తీ కట్టే రోజున మాత్రం వీళ్లెవరూ మన పక్కన ఉండరు.

ఈ ప్రశ్న మీకు కొత్తేమో గానీ ట్రాక్టరుకి కొత్త కాదు. అది పుట్టినప్పటి నుంచీ "ఇంకాస్త పెద్దది" అనే మాట దాని వెంటే నడుస్తోంది. ఎవరు ఎప్పుడు పెద్దదానికి వెళ్లారు, ఎందుకు వెళ్లారు, ఎక్కడ చిన్నదే నెగ్గింది అనేది చూస్తే మన లెక్క మనకే తేలుతుంది. అందుకే ఇవాళ ఏ మోడల్ కొనాలో చెప్పను. చరిత్ర చెబుతాను. లెక్క చివర్లో మీరే వేసుకోండి.

1. హెచ్‌పీ అనే అంకె ఎక్కడ పుట్టింది

18వ శతాబ్దం చివర్లో ఇంగ్లండులో జేమ్స్ వాట్ ఆవిరి యంత్రాలు అమ్మేవాడు. కొనాల్సిన వాళ్ల దగ్గర అప్పటికి గుర్రాలున్నాయి. నా యంత్రం ఎన్ని గుర్రాల పని చేస్తుందో చెబితేనే వాళ్లకి ఎక్కుతుంది. అందుకని ఒక గుర్రం చేసే పనిని అంకెలో పెట్టాడు. నిమిషానికి 33,000 అడుగు-పౌండ్లు. ఇప్పటి లెక్కలో సుమారు 746 వాట్లు.

అంటే హెచ్‌పీ అనేది మొదటి రోజు నుంచీ అమ్మేవాడు కొనేవాడికి చెప్పే అంకె. అది అబద్ధమని కాదు. అది ఇంజను గురించి చెబుతుంది, మీ చేలో జరిగే పని గురించి చెప్పదు. మన జత ఎడ్లు రోజంతా నిలకడగా లాగే బలం అటూ ఇటూగా ఒక హెచ్‌పీ. ఆ లెక్కన ఇరవై హెచ్‌పీ బండి ఇరవై అరకల పని చేయాలి కదా? చేయదు. గేర్లలో కొంత పోతుంది, తన బరువు తాను మోసుకు తిరగడానికి కొంత పోతుంది, మెత్తటి నేలలో చక్రం జారి కొంత పోతుంది. మిగిలిందే నాగలికి చేరుతుంది.

ఈ తేడా మీద మొదట కోపం వచ్చింది ఒక రైతుకే. 1910ల్లో అమెరికాలో ట్రాక్టరు కంపెనీలు పుట్టగొడుగుల్లా లేచాయి. బండి మీద ఒక హెచ్‌పీ రాసేవాళ్లు, చేలోకి దిగితే సగం కూడా ఉండేది కాదు. నెబ్రాస్కా రాష్ట్రంలో విల్మాట్ క్రోజియర్ అనే రైతు అలాంటి బండ్లతో విసిగిపోయాడు. ఆయన శాసనసభ సభ్యుడు కూడా. 1919లో చట్టం తెప్పించాడు. మా రాష్ట్రంలో ట్రాక్టరు అమ్మాలంటే ముందు మా విశ్వవిద్యాలయంలో పరీక్షకి పెట్టాలి, ప్రకటనలో చెప్పిన బలం నిజంగా ఉందో లేదో అక్కడ తేలాలి. 1920లో పరీక్షలు మొదలయ్యాయి. వందేళ్లు దాటినా ఆ పరీక్షా కేంద్రం ఇంకా నడుస్తోంది.

మన దేశంలో ఆ పని మధ్యప్రదేశ్‌లోని బుద్నీలో ఉన్న కేంద్ర ప్రభుత్వ సంస్థ చేస్తుంది. మన అనంతపురం జిల్లా గార్లదిన్నెలోనూ కేంద్ర ప్రభుత్వానికి వ్యవసాయ యంత్రాల శిక్షణ, పరీక్షా సంస్థ ఉంది. బండి కొనేముందు డీలరుని టెస్ట్ రిపోర్టు అడగండి. అందులో పీటీఓ దగ్గర ఎంత బలం, లిఫ్ట్ ఎన్ని కిలోలు ఎత్తుతుంది, వెనక కొక్కెం దగ్గర ఎంత లాగుతుంది అన్న అంకెలుంటాయి. బానెట్ మీద రాసిన హెచ్‌పీలో పీటీఓకి వచ్చేసరికి బండిని బట్టి పది పదిహేను శాతం తగ్గుతుంది. చేలో లాగే చోట ఇంకా తగ్గుతుంది. రెండు బండ్లని పోల్చాలంటే ఆ అంకెల్ని పోల్చాలి, బానెట్లని కాదు.

2. ఇరవై హెచ్‌పీ ఫోర్డ్‌సన్

1917లో హెన్రీ ఫోర్డ్ ఫోర్డ్‌సన్ ట్రాక్టరుని పెద్ద ఎత్తున తయారు చేయడం మొదలుపెట్టాడు. బలం సుమారు 20 హెచ్‌పీ. అంతకుముందు ట్రాక్టరంటే ఆవిరి రోడ్డు రోలరులాంటి భారీ బండి. ఇది చిన్నది, తేలిక, చవక. 1922లో ధర 395 డాలర్లకి దించాడు. అమెరికాలో లక్షల మంది చిన్న రైతులు మొదటిసారి ట్రాక్టరెక్కింది దీని మీదే.

కానీ దీనికి రెండు తిప్పలుండేవి. రెండూ హెచ్‌పీకి సంబంధించినవి కావు.

మొదటిది ప్రాణాంతకం. అప్పట్లో నాగలిని గొలుసుతోనో కొక్కెంతోనో వెనక తగిలించి ఈడ్చేవాళ్లు. నాగలి భూమిలో ఏ వేరుకో రాయికో తగులుకుని ఆగిపోతే చక్రం తిరగలేదు, ఇంజను ఆగదు. ముందు భాగం గాల్లోకి లేచి బండి మొత్తం వెనక్కి తిరగబడేది. తోలేవాడు కింద. ఇలా చాలామంది చనిపోయారు.

రెండోది, ఫోర్డ్‌సన్ దున్నగలదు గానీ పంట ఎదిగాక సాళ్ల మధ్య అంతరకృషి చేయలేదు. కింద ఎత్తు చాలదు, చక్రాల అచ్చు సాలుకి సరిపడదు. దాంతో రైతు ట్రాక్టరూ మేపాలి, గుర్రాల్నీ మేపాలి. ఇది కనిపెట్టి 1924లో ఇంటర్నేషనల్ హార్వెస్టర్ కంపెనీ ఫార్మాల్ అనే బండిని దించింది. ఎత్తుగా, సాళ్లకి సరిపోయేలా. దున్నడానికీ అదే, పత్తిలో మొక్కజొన్నలో కలుపు తీయడానికీ అదే. 1928కల్లా అమెరికాలో ఫోర్డ్‌సన్ తయారీ ఆగిపోయింది.

ఇక్కడ ఒక్క మాట గుర్తుపెట్టుకోండి. ఫోర్డ్‌సన్‌ని వెనక్కి నెట్టింది దానికన్నా బలమైన ఇంజను కాదు, సాలులో పట్టే బండి. మీ మినీ ట్రాక్టరు ఇవాళ పత్తి సాళ్లలోకి, బత్తాయి చెట్ల కిందకి, మామిడి కొమ్మల కిందకి దూరుతోంది. పెద్దదానికి మారితే బలం వస్తుంది నిజమే. ఆ దూరడం పోతే ఏం చేస్తారు? ఆ పనికి మళ్లీ కూలీలనో, అరకనో పెట్టుకోవాలి. అప్పటి అమెరికా రైతు గుర్రాల్ని మేపినట్టే.

3. ఐర్లండు రైతు బిడ్డ కనిపెట్టిన రహస్యం

చిన్న ట్రాక్టరు కథలో అందరికన్నా పెద్ద పేరు హ్యారీ ఫెర్గూసన్. 1884లో ఉత్తర ఐర్లండులో రైతు కుటుంబంలో పుట్టాడు. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో తిండికి కరువొస్తే, ట్రాక్టర్లు సరిగా పని చేస్తున్నాయో లేదో చూసి బాగు చేయమని ఐర్లండు వ్యవసాయ శాఖ ఈయనకి పని అప్పగించింది. ఊరూరా తిరిగి ట్రాక్టర్ల వెనక నడిచాడు. ఆయనకి అర్థమైందేంటంటే, తప్పు ట్రాక్టరులో లేదు, నాగలిలోనూ లేదు, రెండిటినీ కలిపే చోట ఉంది.

అప్పుడు అందరిదీ ఒకటే ఆలోచన. ఎక్కువ లాగాలంటే చక్రం జారకూడదు, జారకూడదంటే బండి బరువు పెరగాలి. బరువు పెరిగితే దాన్ని నడపడానికే పెద్ద ఇంజను కావాలి. పెద్ద ఇంజనంటే ఇంకా బరువు. ఇలా ఒకదాని మీద ఒకటి. ఫెర్గూసన్ దీన్ని తిరగేశాడు. నాగలిని ఈడ్చకుండా మూడు చోట్ల బండికి పట్టించాడు. కింద రెండు చేతులు, పైన ఒక లింకు. ఇవాళ మనం రోజూ పిన్నులు వేసే త్రీ పాయింట్ లింకేజీ ఇదే. నాగలి భూమిలో ఎంత బరువుగా లాగితే ఆ ఒత్తిడి అంత వెనక చక్రాల మీద పడుతుంది. తేలిక బండికి పని చేసేటప్పుడు మాత్రమే బరువు వచ్చి చేరుతుంది. నాగలి గట్టి నేలలో చిక్కుకుంటే లిఫ్ట్ దానంతటదే కొంచెం పైకి ఎత్తి మళ్లీ దించుతుంది. పైన ఉన్న టాప్ లింకు బండిని తిరగబడకుండా ఆపుతుంది. ఫోర్డ్‌సన్ కింద పడి చచ్చిపోయిన వాళ్ల సమస్యకి ఇది పెద్ద జవాబు.

1938లో ఫెర్గూసన్ అమెరికా వెళ్లి హెన్రీ ఫోర్డుకి దీన్ని చూపించాడు. కాగితం లేదు, సంతకం లేదు, చేతులు కలిపి ఒప్పందం చేసుకున్నారు. 1939లో ఫోర్డ్ 9ఎన్ వచ్చింది. తర్వాత ఫోర్డ్ మనవడి కాలంలో ఒప్పందం తెగింది, కోర్టుకెక్కారు, 1952లో ఫెర్గూసన్‌కి 92.5 లక్షల డాలర్లు వచ్చాయి. ఈలోగా 1946 నుంచి ఇంగ్లండులోని కోవెంట్రీలో ఆయన టీఈ20 అనే సొంత బండి తయారు చేయించాడు. రకాన్ని బట్టి 25 హెచ్‌పీకి కొంచెం అటూ ఇటూ. బరువు టన్నుకి కాస్త పైన. పదేళ్లలో 5 లక్షలకు పైగా తయారయ్యాయి. 1958 జనవరిలో ఎడ్మండ్ హిల్లరీ బృందం దక్షిణ ధ్రువానికి చేరింది కూడా పట్టాలు బిగించిన ఈ చిన్న ఫెర్గూసన్ల మీదే.

ఈ కథ మన ఇంటిదాకా వచ్చింది. ఫెర్గూసన్ సంస్థ 1953లో మాసీ-హ్యారిస్‌తో కలిసింది. అదే తర్వాత మాసీ ఫెర్గూసన్. 1960లో మద్రాసులో పెట్టిన టాఫే ఆ బండ్లనే మన దేశంలో తయారు చేసింది. మన ఊళ్లల్లో "మాసీ బండి" అనే మాట అలా వచ్చిందే.

ఫెర్గూసన్ నుంచి మనం నేర్చుకోవాల్సింది పని చేసే చోట ఉంది. ఆయన బండి ఒక్కటే అమ్మలేదు. ఆ బండికి సరిపడా కొలిచిన నాగలి, గొర్రు, విత్తే యంత్రం అన్నీ ఒక జట్టుగా అమ్మాడు. మనమేం చేస్తాం? ఇరవై హెచ్‌పీ బండికి పెద్ద బండి గొర్రు అరువు తెచ్చి తగిలిస్తాం, టాప్ లింకు ఎక్కడ పడితే అక్కడ పెడతాం, డ్రాఫ్ట్ లివర్ ముట్టుకోం. బండి మొరాయిస్తే "హెచ్‌పీ చాలట్లేదు" అంటాం. మీరు బండి మార్చే ముందు ఒక సీజన్ పాటు పనిముట్టు మార్చి చూడండి. తొమ్మిది కర్రుల గొర్రు బదులు ఐదు కర్రులది. టాప్ లింకు సరిగ్గా కట్టి, డ్రాఫ్ట్ లివర్ వాడి, చక్రాలకి బరువులు వేసి లేదా టైర్లలో నీళ్లు పట్టించి. లక్షలు పెట్టి కొనే బలంలో కొంత మీ షెడ్డులోనే దొరుకుతుంది.

4. పెద్దవాళ్లు వదిలేసిన చోట జపాన్ దిగింది

అయితే ఎప్పుడూ చిన్నదే మంచిదా? కాదు. అమెరికాలో రెండో ప్రపంచ యుద్ధం తర్వాత జనం ఊళ్లు వదిలి పట్నాలకి వెళ్లారు. మిగిలిన రైతు చేతిలోకి వందల ఎకరాలు వచ్చాయి. పని చేసే మనిషి ఒక్కడే, సమయం తక్కువ. వాళ్లకి పెద్ద ట్రాక్టరు నిజంగా అవసరమైంది. ఆ గాలి చూసి ఫెర్గూసన్ సంస్థే ఒక పెద్ద బండి నమూనా తయారు చేసుకుంది. ఎకరాలు పెరిగి, మనుషులు తగ్గి, హెచ్‌పీ పెరిగింది. అది న్యాయమైన పెంపు.

జపాన్‌లో కథ వేరు. అక్కడ రైతుకి సగటున రెండున్నర ఎకరాలు. వరి మడులు. ముందు పవర్ టిల్లర్లు వచ్చాయి, తర్వాత 1960లో కుబోటా కంపెనీ టీ15 అనే 15 హెచ్‌పీ ట్రాక్టరు తెచ్చింది. వెనక నాగలి బదులు తిరిగే రోటరీ. ఇందులో పెద్ద కిటుకుంది. నాగలిని లాగాలంటే చక్రానికి పట్టు కావాలి, పట్టుకి బరువు కావాలి. రోటరీకి బలం చక్రం నుంచి పోదు, పీటీఓ షాఫ్టు నుంచి నేరుగా పోతుంది. పైగా అది తిరిగేటప్పుడు బండిని ముందుకే తోస్తుంది. అందుకే తేలిక బండి తడి మడిలో కూడా పని చేయగలిగింది.

1969లో కుబోటా తన ఎల్200 అనే 21 హెచ్‌పీ బండిని అమెరికాలో దించింది. అక్కడి కంపెనీలన్నీ పెద్దవాటి వెంట పడి చిన్నవి వదిలేశాయి. తోటలు, పశువుల కొట్టాలు, పదెకరాల లోపు వాళ్లు పాత ఫోర్డులతో నెట్టుకొస్తున్నారు. వాళ్లంతా దీన్ని పట్టుకున్నారు. కొన్నేళ్లకి, 1977లో, జాన్ డీర్ కూడా జపాన్‌లో యాన్మార్ తయారు చేసిన చిన్న బండ్లని తన పచ్చ రంగు వేసి అమ్మింది. ఇవాళ "కాంపాక్ట్ ట్రాక్టరు" అంటున్నది ఇలా మొదలైందే.

ఇదే దారి మనకీ వచ్చింది. బెంగళూరు వీఎస్‌టీ మిత్సుబిషితో కలిసి టిల్లర్లు, తర్వాత 18.5 హెచ్‌పీ మినీలు తెచ్చింది. మహీంద్రా 2015లో మిత్సుబిషి వ్యవసాయ యంత్రాల కంపెనీలో వాటా కొని, ఆ జోడింపుతో ఓజా బండ్లని 2023 ఆగస్టులో విడుదల చేసింది. 20 నుంచి 40 హెచ్‌పీ వరకు, నాలుగు చక్రాలూ లాగేవి. అవి తయారయ్యేది ఎక్కడో కాదు, మన తెలంగాణ జహీరాబాద్‌లో. జపాన్ మడి కోసం పుట్టిన ఆలోచన అరవై ఏళ్లు తిరిగి మన పక్కకి చేరింది.

5. మన దేశంలో లెక్క తిరగబడింది

1959 ఏప్రిల్‌లో ఫరీదాబాద్‌లో ఐషర్ తొలి బండి బయటికొచ్చింది. 1961-62లో దేశం మొత్తం మీద తయారైన ట్రాక్టర్లు 880. అంతే. ఇప్పుడు ఏటా ఎనిమిది లక్షలకు పైగా అమ్ముడవుతున్నాయి.

1965లో ప్రభుత్వం దుర్గాపూర్‌లోని కేంద్ర మెకానికల్ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థలో మన సొంత ట్రాక్టరు పని మొదలుపెట్టించింది. చిన్న రైతు కోసం 20 హెచ్‌పీ బండి వాళ్ల లక్ష్యం. అదే స్వరాజ్. పంజాబ్ ట్రాక్టర్స్ కంపెనీ 1974లో దాన్ని స్వరాజ్ 724గా అమ్మకానికి తెచ్చేసరికి అది 26.5 హెచ్‌పీ అయింది. ఏడాది తిరక్కుండానే ఇంకా పెద్దది, 735 వచ్చింది. 1983కి 855 వచ్చింది, అది 50 హెచ్‌పీ పైమాటే. చిన్న రైతు పేరు మీద మొదలైన బండి పదేళ్లలో రెట్టింపు దాటింది.

ఇప్పుడు ఈ రెండు అంకెలు పక్కపక్కన పెట్టి చూడండి. 1970-71 వ్యవసాయ గణన ప్రకారం దేశంలో సగటు కమతం 2.28 హెక్టార్లు. 2015-16 గణనలో 1.08 హెక్టార్లు. అంటే ఐదున్నర ఎకరాల నుంచి రెండున్నరకి పైచిలుకుకి వచ్చాం. భూమి సగమైంది. ట్రాక్టరు మాత్రం పెరిగింది. ఇప్పుడు దేశంలో ఎక్కువగా అమ్ముడయ్యేవి 41 నుంచి 50 హెచ్‌పీ మధ్య బండ్లు.

అమెరికాలో ఎకరాలు పెరిగి బండి పెరిగింది. జపాన్‌లో ఎకరాలు తక్కువని బండి చిన్నదిగా ఉంది. మన దగ్గర ఎకరాలు తగ్గుతూ బండి పెరిగింది. ఎందుకు?

మీకూ తెలుసు. ఎందుకంటే మన దగ్గర పెద్ద ట్రాక్టరు కొన్నవాడు తన చేను కోసం కొనలేదు. కిరాయి కోసం కొన్నాడు. డెల్టాలో ఇనప చక్రాలేసి పది ఊళ్లు దమ్ము చేయాలి. మెట్టలో ఎకరాకింతని రోటవేటర్ తోలాలి. మిగతా రోజుల్లో ట్రక్కు తగిలించి ఇటుక, ఇసుక, ధాన్యం తోలాలి. అరకలు పోయాయి, కూలీలు దొరకడం లేదు, ఊళ్లో అందరి పనీ నాలుగు బండ్లే చేయాలి. అలాంటి చోట పెద్ద బండి తప్పు కాదు. అది వ్యాపారం. రోటవేటర్ వచ్చాక ఇది ఇంకా పెరిగింది. మూడు మూడున్నర అడుగుల రోటవేటర్‌ని మినీ తిప్పుతుంది. ఐదడుగులదానికి ముప్ఫై ఐదు పైన, ఆరడుగులదానికి నలభై ఐదు దాకా కావాలి. అటూ ఇటూగా లెక్క ఇది.

ఇంకో సంగతి. బండి సైజుని కొన్నిసార్లు ప్రభుత్వం గీసిన గీత కూడా తేలుస్తుంది. అమెరికాలో 19 కిలోవాట్లు, అంటే సుమారు 25 హెచ్‌పీ దాటిన డీజిల్ ఇంజన్లకి 2013 నుంచి మసి నిబంధన గట్టిగా బిగించారు. చాలా బండ్లకి మసి పట్టే ఫిల్టరు పెట్టాల్సి వచ్చింది, ఖర్చు పెరిగింది. వెంటనే 25కి ఒక్క చుక్క కింద ఆగే మోడళ్లు బోలెడు వచ్చాయి. మన దగ్గర 2023 జనవరి నుంచి ట్రెమ్-4 నిబంధన 50 హెచ్‌పీ దాటిన ట్రాక్టర్లకి వచ్చింది, 50 గీతకి కింద ఉన్నవాటికి గిరాకీ ఉంది. 24కీ 26కీ మధ్య మన నేలకి తెలిసే తేడా పెద్దగా లేదు. తేడా గీత దగ్గర ఉంది. కాబట్టి ఒకట్రెండు హెచ్‌పీల కోసం మనసు పాడుచేసుకోకండి.

6. ఇక మన లెక్క

కేవలం లెక్క కోసం అనుకుందాం, మీ ఊరి ధరలు వేసుకుని మార్చుకోండి. మీ పాత బండి ఇచ్చేసి పెద్దది తీసుకుంటే చేతి నుంచి 3 లక్షలు అదనంగా పెట్టాలి. పది శాతం వడ్డీ, మొదటి ఏడాది 30 వేలు. బండి విలువ తగ్గుదల ఇంకో 30 వేలు. డీజిలు, టైర్ల తేడా పక్కన పెట్టినా ఏడాదికి 60 వేలు అదనపు బరువు.

ఏడాదికి 300 గంటలు నడిపితే గంటకి 200 రూపాయలు పడుతుంది. 1,000 గంటలు నడిపితే గంటకి 60. బ్యాంకులూ, వ్యవసాయ లెక్కలవాళ్లూ ట్రాక్టరు గిట్టుబాటుకి ఏడాదికి వెయ్యి గంటలు అనే కొలత ఊరికే పెట్టలేదు. మీ బండిలో గంటల మీటరు ఉంది. కిందటేడు ఇదే నెలలో ఎంతుంది, ఇప్పుడెంతుంది చూడండి. ఇంట్లో చర్చ మొదలుపెట్టే ముందు ఆ ఒక్క అంకె కాగితం మీద రాసుకోండి.

రెండోది, మీ మినీ నిజంగా చేయలేని పనేంటి? చాలామంది విషయంలో అది ఏడాదికో రెండేళ్లకో ఒకసారి లోతు దుక్కి. ఆరెకరాలు, ఎకరాకి రెండు వేలు కిరాయి అనుకున్నా 12 వేలు. ఆ 12 వేలు తప్పించుకోవడానికి ఏటా 60 వేలు మోయడం వ్యవసాయం కాదు.

మూడోది బరువు. బండి పెద్దదైతే బరువు కూడా పెరుగుతుంది. పైపొర గట్టిపడటం టైరు గాలిని బట్టి ఉంటుంది, లోపలి పొర గట్టిపడటం ఇరుసు మీద పడే బరువుని బట్టి ఉంటుంది. పైది మళ్లీ దున్ని సరి చేసుకోవచ్చు, లోపలిది అంత తేలిగ్గా పోదు. తడి నల్లరేగడిలో, చెట్ల వేర్ల మధ్య తిరిగేవాళ్లు దీన్ని ఆలోచించాలి. పట్టు చాలకపోవడమే మీ బాధ అయితే అదే హెచ్‌పీలో నాలుగు చక్రాలు లాగే బండి ఒకసారి తోలి చూడండి.

ఇప్పుడు రెండో వైపు కూడా చెప్పాలి. మారడమే సరైన వాళ్లున్నారు. గంటల మీటరు ఏడాదికి ఎనిమిది వందలు, వెయ్యి తిరుగుతూ, కిరాయికి రమ్మంటే బండి చిన్నదని వదులుకుంటున్నవాళ్లు. కౌలు కలిపి పదిహేను ఇరవై ఎకరాలకి వెళ్లి, వాన పడ్డ నాలుగు రోజుల్లో విత్తనం వేయలేక అదను తప్పుతున్నవాళ్లు. లోతు దమ్ములో బండి దిగబడుతున్నవాళ్లు.

అన్నిటికన్నా ముందు, మినీకి బరువైన ట్రక్కు తగిలించి రోడ్డెక్కుతున్నవాళ్లు. ఇది డబ్బు లెక్క కాదు. తేలిక బండి బరువైన ట్రక్కుని లాగగలదు, ఆపలేదు. దిగుడులో వెనక బరువు బండిని తోసేస్తుంది. ఎక్కుడులో ముందు చక్రాలు లేస్తాయి. వందేళ్ల కింద ఫోర్డ్‌సన్ మీద చనిపోయినవాళ్లకి బండి ముందు భాగం లేచిన సంగతి అర్థమయ్యే వ్యవధి కూడా లేదు. మీది తోలకం పని అయితే బరువు, బ్రేకులు ఉన్న పెద్ద బండికి మారండి, లేదా ఆ పని మానేయండి. మధ్యలో ఇంకో దారి లేదు.

మిగతావాళ్లకి నా మాట ఇది. వందేళ్లలో గెలిచిన బండ్లన్నీ చూడండి. ఫార్మాల్ సాలుకి కుదిరింది. ఫెర్గూసన్ పనిముట్టుకి కుదిరింది. కుబోటా మడికి కుదిరింది. మన నలభై ఐదు హెచ్‌పీ బండి కిరాయికి కుదిరింది. మీ బండి దేనికి కుదరాలో ముందు తేల్చుకుని తర్వాత షోరూం మెట్లెక్కండి. కిరాయికైతే ధైర్యంగా పెంచండి, కానీ ముందు పది మంది ఖాతాదారుల్ని మాట్లాడుకోండి. సొంత ఆరేడెకరాలకే అయితే ఆ మూడు లక్షల్లో ఒక వంతుతో సరిపడే పనిముట్లు కొనండి, మిగిలింది బోరుకో డ్రిప్పుకో పిల్లల చదువుకో ఉంటుంది.

మీ ఎకరాలు, మీ పంట, మీటరులో ఏడాది గంటలు, ఇప్పుడున్న పనిముట్లు ఏంటో కింద రాయండి. ఇదే దారిలో నడిచినవాళ్లు చాలామంది ఇక్కడ ఉన్నారు. అందరం కలిసి లెక్క వేద్దాం. కొత్త బండి కాగితాల మీద సంతకం ఆ తర్వాత పెట్టొచ్చు.